గంధకానికి ఆ పేరెలా వచ్చింది?

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మాటల్లోకి దిగే ముందు ఒక పని చేద్దాం. ఈ పళ్లెంలో ఉన్న పసుపుపచ్చని ముక్కలు గంధకం. ముందు వరుస నుంచి వెనక్కి పంపుతున్నాను. ఒక్కో ముక్క తీసుకుని వాసన చూడండి. తర్వాత దాన్ని పిడికిట్లో బిగించి చెవికి ఆనించుకోండి.

చిన్నగా చిటపటలు వినిపిస్తున్నాయి కదా? గంధకం వేడిని లోపలికి పోనివ్వదు. మీ చేతి వెచ్చదనానికి పైపొర వ్యాకోచిస్తుంది, లోపలిది అలాగే ఉంటుంది, దాంతో ముక్క పగులుతుంది. ఇక వాసన సంగతి. ముక్కు పెట్టి గట్టిగా పీల్చినా దాదాపు ఏమీ తెలియలేదు కదా? ఎక్కడో లీలగా ఒక వాసన తగిలితే అది గంధకం తాలూకు వాసన కాదు. గాలి, తేమ తగిలి పైపైన పుట్టిన ఇతర పదార్థాలది. శుద్ధమైన గంధకానికి చెప్పుకోదగ్గ వాసనే లేదు.

మరి దాని పేరేమిటి? గంధకం. ‘గంధం’ అంటే వాసన. దానికి ‘క’ చేరింది. వాసన గలది అని అర్థం. వాసనే లేని వస్తువుకు వాసన పేరుతోనే రెండు వేల ఏళ్లుగా పిలుపు సాగుతోంది. ఈ వైరుధ్యాన్ని విప్పితే గంధకం గురించి చాలా సంగతులు తెలుస్తాయి.

మొదట ‘గంధం’ అన్న మాట. తెలుగులో ఈ రోజు గంధం అంటే సానమీద అరగదీసిన చందనమే గుర్తొస్తుంది. పెళ్లిలో గంధం పూయడం, దేవుడికి గంధం పెట్టడం. సంస్కృతంలో ఆ మాటకు అంత పరిమితి లేదు. మంచి వాసనా గంధమే, చెడ్డ వాసనా గంధమే. తార్కికులు పృథివికి లక్షణం చెప్పినప్పుడు ‘గంధవతి’ అన్నారు. అక్కడ సువాసన ప్రసక్తే లేదు. కాబట్టి గంధకం అన్న పేరు విని ‘మన పూర్వులకు ఈ కంపు సువాసనగా తోచిందా’ అని ఆశ్చర్యపోనక్కర్లేదు.

అయితే ఒక చిక్కు ఉంది. అమరకోశం వైశ్యవర్గంలో దీనికి గంధాశ్మ అనే పేరుంది. అశ్మ అంటే రాయి. వాసన రాయి. దాని పక్కనే ‘సౌగంధికం’ అన్న పేరూ ఉంది. ఇందులో ‘సు’ ఉంది, అంటే మంచి వాసన అనే చెబుతోంది. సౌగంధికం అంటే భీముడు ద్రౌపది కోసం వెళ్లి తెచ్చిన పువ్వు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో అదే పేరుతో ఒక కెంపు జాతి ఉంది. ఒకే మాట పువ్వుకు, రత్నానికి, గంధకానికి చెల్లుతోంది. పాత వైద్య గ్రంథాలు చదివేవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. మందు కూర్పులో సౌగంధికం అని కనిపిస్తే ఆ పక్కనున్న దినుసులు చూసి నిర్ణయించుకోవాలి. పాదరసం, అభ్రకం పక్కన ఉంటే అది పువ్వు అయ్యే అవకాశం లేదు.

మందు దినుసుల పేర్లు చెప్పే రాజనిఘంటువు జాబితా ఇంకా ఆసక్తికరం. అందులో గంధపాషాణం, పూతిగంధం, అతిగంధం, సుగంధం, దివ్యగంధం, క్రూరగంధం అని వస్తాయి. పూతి అంటే కుళ్లు. కుళ్లు వాసన గలదీ అదే, దివ్యమైన వాసన గలదీ అదే! ఒకే నిఘంటుకారుడు రెండు పేర్లనూ ఒకేచోట కూర్చాడంటే, ఆ రెండు పేర్లూ వాడుకలో రెండు వేర్వేరు వర్గాల నుంచి వచ్చాయని నేను అనుకుంటాను. కొలిమి దగ్గర పొగ పీల్చినవాడు క్రూరగంధం అంటాడు. దాన్ని అమృతంతో సమానమైన మందుగా భావించిన రసవాది దివ్యగంధం అంటాడు.

రసవాదుల కథే చూడండి. పాదరసం, ఖనిజాలతో మందులు చేసే రసశాస్త్రంలో రసరత్నసముచ్చయం పేరున్న గ్రంథం. దాని మూడో అధ్యాయంలో ఉపరసాలు అనే ఖనిజాలు ఎనిమిది చెబుతారు, అందులో మొదటిది గంధకం. శ్వేతద్వీపంలో పార్వతీదేవి రజస్సు పాలసముద్రంలో కలిసింది. క్షీరసాగర మథనంలో అమృతంతో పాటు అదీ పైకి వచ్చింది. దాని వాసనకు అందరూ సంతోషించారు, అందుకే దేవతలు దానికి గంధకమని పేరు పెట్టారు. ఇది ఒక కథ. అదే గ్రంథంలో ఇంకో కథ కూడా ఉంది. బలిచక్రవర్తి బలం కోసం గంధకాన్ని సేవించాడు. మథనంలో వాసుకిని లాగుతున్నప్పుడు ఆ పాము నోటి మంటకు బలి ఒంట్లోని కొవ్వు కరిగి కారింది. ఆ కొవ్వు గంధకం వాసన వేసింది, గంధకంగా మారింది. విషపు మంట తగిలింది కాబట్టి అది విషంతో కూడుకున్నది. అందుకే దానికి ‘బలివస’ అని పేరు. వస అంటే కొవ్వు.

ఈ రెండో కథను నేను తేలిగ్గా తీసుకోను. అందులో ఒక పనివాడి పరిశీలన ఉంది. కొవ్వు కరిగినట్టు కరుగుతుంది, చల్లారగానే గడ్డకడుతుంది, వేడి తగిలినప్పుడే వాసన వేస్తుంది, దానిలో దోషం ఉంది. నాలుగు సంగతులూ నిజమే. కథ పురాణానిదైనా, కన్ను మాత్రం మూకుడు ముందు కూర్చున్న మనిషిది.

ఆ మూకుడు దగ్గరికి వెళదాం. గంధకం పేరు అర్థం కావాలంటే దాన్ని వేడిచేస్తే ఏమవుతుందో తెలియాలి.

గాజు గొట్టంలో మూడో వంతు గంధకం పొడి వేసి సన్నని సెగ మీద నెమ్మదిగా తిప్పుతూ వేడిచేస్తే, 115 డిగ్రీల దగ్గర కరిగి లేత పసుపు రంగు ద్రవం అవుతుంది. నీళ్లలా పలుచగా ఉంటుంది. ఇంకా వేడి పెరిగి 160 దాటితే రంగు నారింజ, ఆ తర్వాత ముదురు ఎరుపు అవుతుంది. ద్రవం చిక్కబడుతుంది. 190 దగ్గర గొట్టం తలకిందులు చేసినా కారదు. ఇంకా వేడిచేస్తే మళ్లీ పలుచబడి, 445 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఇలా ఎందుకంటే, మామూలు గంధకంలో ఎనిమిదేసి పరమాణువులు ఉంగరంలా ముడిపడి ఉంటాయి. 160 దాటాక ఆ ఉంగరాలు తెగి, ఒకదానికొకటి అతుక్కుని, లక్షల పరమాణువుల పొడవైన గొలుసులవుతాయి. గొలుసులు చిక్కుపడితే ద్రవం కదలదు. బాగా మరిగించిన గంధకాన్ని చల్లటి నీళ్లలో ధారగా పోస్తే రబ్బరులా సాగే ముద్ద వస్తుంది. కొన్ని రోజుల్లో అది మళ్లీ పెళుసు పసుపు గంధకంగా మారిపోతుంది.

ఇప్పుడు రసశాస్త్రం చెప్పిన శోధన, అంటే శుద్ధిచేసే విధానాన్ని ఈ లెక్కతో కలిపి చూడండి. రసరత్నసముచ్చయం చెప్పిన పద్ధతి క్లుప్తంగా ఇది. గంధకాన్ని పాలలో ఒక ఘడియ, అంటే 24 నిమిషాలు ఉడికించాలి. నీళ్లతో కడగాలి. ఆవునేతిలో కరిగించి గుడ్డలోంచి వడకట్టాలి. అలా చేస్తే రాళ్లు గుడ్డలో మిగులుతాయి, విషం పొట్టులాగా నేతిలో ఉండిపోతుంది, గంధకం తనంతట తాను ముద్దకడుతుంది అని ఫలితం కూడా చెప్పారు. కరిగించి గుంటగలగరాకు రసంలో పోసే విధానం మరొకటి.

ఆచరణలో ఎలా చేస్తారంటే, వెడల్పు మూతి పాత్రలో సగానికి పైగా ఆవుపాలు పోసి, మూతికి పలుచని నూలు గుడ్డ కడతారు. గుడ్డను మధ్యలో కాస్త లోపలికి వేలాడేలా వదిలి, నెయ్యి రాస్తారు. ఇనుప మూకుట్లో నెయ్యి కరిగించి, మెత్తగా దంచిన గంధకం వేసి సన్నని సెగ మీద కలుపుతారు. మొత్తం కరిగి, నూనెలా పలుచబడిన క్షణంలో దించి ఒక్క ధారగా గుడ్డ మీద పోస్తారు. గంధకం పాల అడుగుకు చేరి గింజలుగా గట్టిపడుతుంది. తీసి వేడినీళ్లతో జిడ్డు పోయేదాకా కడిగి, ఆరబెట్టి, మళ్లీ మొదటి నుంచి చేస్తారు. మూడుసార్లు చేయడం మామూలు, ఏడుసార్లు చేసేవాళ్లూ ఉన్నారు.

ఎక్కడెక్కడ చెడుతుంది? మొదటిది, గుడ్డ. నెయ్యి రాయకపోతే, పోయడంలో ఆలస్యమైతే, గంధకం గుడ్డలోనే గడ్డకట్టి దారి మూసేస్తుంది. 115 డిగ్రీలకు దిగితే చాలు, అది రాయే. రెండోది, సెగ. ఎక్కువైతే ద్రవం ఎర్రబడి, జిగురుగా సాగి, గుడ్డలోంచి దిగదు. గొలుసుల సంగతి చెప్పాను కదా, అదే కారణం. పైగా ఆ వేడిలో గంధకం నేతిలోని కొవ్వుతో రసాయనికంగా కలుస్తుంది. గోధుమ రంగు వస్తుంది, కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడుతుంది. ఆ కంపు హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. అది వచ్చిందంటే ఆ వాయి చెడినట్టే. మూడోది, మంట. కరిగిన గంధకం సుమారు 230 డిగ్రీల దగ్గర దానంతట అదే అంటుకుంటుంది, పొయ్యి మంట తగిలితే అంతకు ముందే. నీలిమంట కాబట్టి పగటి వెలుతురులో కళ్లకు ఆనదు. దగ్గు వచ్చాకగానీ తెలియదు. అంటుకుంటే నీళ్లు కొట్టకూడదు, వేడి నెయ్యి చిందుతుంది. మూకుటికి సరిపడే ఇనుప మూత ముందే పక్కన పెట్టుకుని, గాలి ఆడకుండా మూసేయాలి.

నెయ్యి ఎందుకు అన్నది చాలామంది అడుగుతారు. నెయ్యి తేలిక, కరిగిన గంధకం దానికి రెట్టింపు బరువు. గంధకం అడుగున ఉంటే నెయ్యి పైన పొరలా నిలిచి గాలి తగలనివ్వదు. వేడి కూడా అంతటా సమానంగా పాకుతుంది. పాలలో పోసినప్పుడు ఆ నెయ్యే తేలికైన మురికిని మోసుకుని పైకి తేలుతుంది. పొట్టులాగా అని గ్రంథం చెప్పింది ఈ తెట్టు గురించే. ఒక మాట స్పష్టంగా చెప్పాలి. అగ్నిపర్వతాల దగ్గర దొరికే గంధకంలో ఆర్సెనిక్, సెలీనియం కలిసే అవకాశం ఉంది. నెయ్యి, పాలతో అవి పూర్తిగా పోతాయని నమ్మి ఇంట్లో శోధించి మింగే పని ఎవరూ పెట్టుకోవద్దు. నేను ఇదంతా చెప్పింది పేరు అర్థం కావడానికి.

ఇప్పుడు వాసన సంగతి తేలిపోయింది. గంధకం ముక్కకు వాసన లేదు. వేడి తగిలితే, నిప్పు తగిలితే, కొవ్వుతో కలిస్తే వాసన. మండితే ముక్కు పగిలే ఘాటు, అది సల్ఫర్ డయాక్సైడ్. జిడ్డుతో మాడితే కుళ్లు గుడ్డు. గంధకం అన్న పేరు పెట్టినవాడు దాన్ని చూసి పెట్టలేదు, వాడి పెట్టాడు.

ఇక రెండో పేరు. శుల్వారి. దీని మీదే ఎక్కువ వాదన ఉంది కాబట్టి కొంచెం నిలబడదాం.

శుల్వం, శుల్బం అంటే రాగి. అరి అంటే శత్రువు. రాగికి శత్రువు గంధకం. శుల్బానికి తాడు అని ఇంకో అర్థం ఉంది. యజ్ఞవేదికలు కొలిచే శుల్బ సూత్రాలలో ఉన్నది ఆ తాడే, రాగి కాదు. ఇక్కడ మనకు కావలసింది రాగి.

శత్రువు అనడంలో రసాయనపరంగా పొల్లు లేదు. గొట్టం అడుగున గంధకం వేసి, పైభాగంలో పలుచని రాగి రేకు వేలాడదీసి వేడిచేయండి. గంధకం ఆవిరి రేకును తాకగానే రేకు ఎర్రగా నిప్పులా వెలుగుతుంది. కింది మంట తీసేసినా కాసేపు వెలుగుతూనే ఉంటుంది. చల్లారాక చూస్తే వంగే రాగి లేదు. నీలం కలిసిన నల్లటి పెళుసు రేకు ఉంటుంది, వేళ్ల మధ్య నలిపితే పొడైపోతుంది. 8 గ్రాముల రాగి 2 గ్రాముల గంధకాన్ని పట్టి 10 గ్రాముల కాపర్ సల్ఫైడ్ అవుతుంది. సాగే గుణం, మెరుపు, మోగే గుణం మూడూ పోతాయి. రసశాస్త్రంలో ఈ పనికి ‘మారణం’ అని పేరు, అంటే చంపడం. తామ్రభస్మం చేసేటప్పుడు పలుచని రాగి రేకులకు గంధకం, నిమ్మరసం నూరిన ముద్ద పట్టించి పుటం పెట్టడంలో, అంటే మట్టిపాత్రలో మూసి కాల్చడంలో జరిగేది ఇదే. రేకులు మందంగా ఉంటే పైన నల్లపొర కట్టి లోపల రాగి బతికే ఉంటుంది. దాన్ని విరిస్తే మధ్యలో ఎర్రగీత కనబడుతుంది. మళ్లీ పుటం వేయాల్సిందే.

సరే, పేరు బాగుంది. ఇక్కడి నుంచే ఒక వాదం బయలుదేరింది. ఈ ‘శుల్వారి’ నుంచే లాటిన్‌లో ‘సల్ఫ్యూరియం’ పుట్టింది, దాన్నుంచే సల్ఫర్ అన్న మాట వచ్చింది అని. రసాయనశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో, పోటీ పరీక్షల గైడ్లలో, విదేశీ పుస్తకాల్లో కూడా ఇది కనిపిస్తుంది. వినసొంపుగా ఉంది, మనకు గర్వంగానూ ఉంటుంది. అయినా ఇది నిలబడే వాదం కాదు. ఎందుకో చెబుతాను.

లాటిన్‌లో పాత రూపం ‘సుల్పుర్’. అందులో ఉన్నది ప, ఫ కాదు. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో కేటో అనే రోమన్ పెద్దమనిషి వ్యవసాయం మీద రాసిన పుస్తకంలో ఈ మాట ఉంది. ద్రాక్షతోటకు పట్టే ఆకుచుట్టు పురుగుకు ఆయన మందు చెప్పాడు. ఆలివ్ గానుగలో నూనె తీశాక అడుగున మిగిలే నల్లనీరు రెండు కాంగియస్‌లు, అంటే మన కొలతలో ఆరున్నర లీటర్లు, రాగి పాత్రలో సన్నని సెగ మీద తేనెపాకం వచ్చేదాకా కాచాలి. ఒక కొలతలో మూడో వంతు తారు, నాలుగో వంతు సుల్పుర్, రెండూ విడివిడిగా రోట్లో నూరి, వేడి నల్లనీటిలో చల్లుతూ కలిపి మళ్లీ కాచాలి. ఈ రెండో కాపు మాత్రం ఆరుబయటే చేయాలి, ఇంటి కప్పు కింద చేస్తే భగ్గుమంటుంది అని హెచ్చరిక కూడా రాశాడు. ఆ లేహ్యాన్ని తీగ మొదలు చుట్టూ, కొమ్మల కింద పూయాలి. రాసిన తీరు చూస్తే సుల్పుర్ రోమన్ రైతుకు ఇంటి వస్తువు. వాళ్ల సిసిలీలో, నేపుల్స్ పక్కన పొజ్జువోలి అగ్నిబిలంలో అది నేలమీదే దొరికేది. మన దేశంలో నేలమీద దొరికే గంధకం చాలా తక్కువ, లడఖ్‌లోని పూగా లోయ లాంటి ఒకటి రెండు చోట్ల. సరుకు పుష్కలంగా ఉన్నవాడు, అది అరుదుగా దొరికే దేశం నుంచి పేరు అరువు తెచ్చుకోవడం జరగని పని.

‘ఫ’ తర్వాతి కాలంలో రాతలో చేరింది. గ్రీకు మాటలకు ‘పిహెచ్’ రాసే అలవాటు లాటిన్‌లో ఉండేది. ఇది గ్రీకు మాట అనే పొరపాటుతో దీనికీ తగిలించారు. గ్రీకులో ఈ మాటే లేదు. భాషాశాస్త్రజ్ఞులు సుల్పుర్‌ను మండడం అనే అర్థం ఉన్న ఒక పాత ఇండో-యూరోపియన్ ధాతువుకు కలుపుతారు. జర్మన్‌లో ష్వేఫెల్, పాత ఇంగ్లీషులో స్వెఫ్ల్, గోథిక్‌లో స్విబ్ల్స్, ఇవన్నీ దాని చుట్టాలు.

ఇక శుల్వారి వైపు నుంచి చూడండి. అది నిఘంటువుల్లో కనబడే మాట. మన నిఘంటుకారులకు ‘అరి’తో పేర్లు కట్టడం అలవాటు. గంధకానికే పామారి అన్న పేరుంది, పామ అంటే గజ్జి. కుష్ఠారి ఉంది. కీటఘ్నం ఉంది. ఇవన్నీ గుణాన్ని బట్టి పండితులు కూర్చిన పర్యాయపదాలు. ఓడల మీద, సంతల్లో సరుకుతో పాటు దేశాలు తిరిగే పేరు అలా ఉండదు. అది గంధకం లాంటి వాడుక పేరు అయి ఉండాలి. నిజంగానే గంధకం తిరిగింది. హిందీ గంధక్, తమిళ కందగం, సింహళ గెందగం. శుల్వారి ఎక్కడా తిరిగిన జాడ లేదు. రాగిని గంధకం చంపుతుందని గమనించి పేరుపెట్టిన మన రసవాదుల ఘనత చాలు. లేని చుట్టరికం అంటగట్టి ఆ ఘనతను అనుమానాల పాలు చేయకూడదు.

మిగతా భాషలు త్వరగా చూద్దాం. ఇంగ్లీషులో పాత పేరు బ్రిమ్‌స్టోన్. మొదట అది బ్రిన్‌స్టన్, మండే రాయి. ఐస్లాండ్ భాషలో ఇప్పటికీ బ్రెన్నిస్టైన్ అంటారు, అదే అర్థం. మాట్లాడే భాషలో బ్రిమ్‌స్టోన్ నరకం సందర్భంలోనే మిగిలిందిగానీ, ఆమ్లం తయారుచేసే పరిశ్రమలో మూలక రూపంలోని గంధకాన్ని నేటికీ ఆ పేరుతోనే కొంటారు, అమ్ముతారు. తెలుగు బైబిలులో సొదొమ, గొమొఱ్ఱాల మీద ఆకాశం నుంచి కురిసింది గంధకము, అగ్ని. అనువాదకులు అక్కడ మన పాత పేరునే వాడారు. దాంతో వైద్యుడి పొట్లంలోని మాట, బాణసంచా పనివాడి మాట, చర్చిలో పాపానికి శిక్షగా వినిపించే మాట కూడా అయింది.

హీబ్రూలో గోఫ్రిత్, అరబీలో కిబ్రీత్, అంతకు ముందు మెసపొటేమియా మట్టిపలకల మీద కిబ్రీతు. ఒకే మాట. నేటి అరబీలో కిబ్రీత్ అంటే అగ్గిపుల్లలు కూడా. టర్కీలో కిబ్రిత్ అడిగితే అగ్గిపెట్టే ఇస్తారు, గంధకం కావాలంటే కుకుర్త్ అనాలి. భాస్వరపు అగ్గిపుల్ల రాకముందు, కొసకు గంధకం పూసిన పుల్లలతో నిప్పురవ్వ నుంచి మంట అందుకునేవాళ్లు. పేరు అక్కడి నుంచి దిగింది.

గ్రీకు పేరు థేయోన్. ఒడిస్సీ 22వ సర్గలో ఒడిస్యూస్ తన ఇంట్లో తిష్ఠవేసినవాళ్లను చంపాక, ముసలి దాదిని పిలిచి నిప్పు, గంధకం తెమ్మని ఇల్లంతా పొగ వేస్తాడు. గ్రీకులో థేయోస్ అంటే దైవికం. ఆ పోలిక వల్ల గంధకం దేవతల వస్తువు అనే వ్యాఖ్యానాలు వచ్చాయి. పొగ అనే అర్థం ఉన్న ధాతువుకు కలిపేవాళ్లే ఎక్కువ. మన ‘ధూమం’ ఆ కుటుంబంలోదే. ఇక్కడ చుట్టరికం ఉందంటే నేను ఒప్పుకుంటాను, ధ్వనులు సరిపోతాయి కాబట్టి.

ఈ గ్రీకు పేరు చచ్చిపోలేదు. పందొమ్మిదో శతాబ్దపు రసాయనశాస్త్రజ్ఞులు దాన్ని ‘థయో’గా తీసుకున్నారు. మీ ఊరి పురుగుమందుల దుకాణంలో డబ్బాలు చూడండి. థయోఫనేట్ మిథైల్, థయోడికార్బ్, థయామెథాక్సామ్. పేరులో ‘థయ’ కనిపిస్తే ఆ అణువులో గంధకం ఉన్నట్టు. బి1 విటమిన్ థయమిన్‌లోనూ ఉంది. మన తీరంలో రొయ్యపిల్లల హేచరీల్లో నీటిలోని క్లోరిన్ విరగడానికి వాడే సోడియం థయోసల్ఫేట్‌లో గ్రీకు పేరు, లాటిన్ పేరు పక్కపక్కనే కూర్చున్నాయి.

వంటగ్యాసు వాసన కూడా ఇందులో భాగమే. గ్యాసుకు సొంత వాసన లేదు. లీకైతే తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు, అది గంధకపు సమ్మేళనం. ఆ పేరు 1830లలో జైజె అనే డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు పెట్టాడు. పాదరసాన్ని పట్టుకునేది అని లాటిన్‌లో అర్థం. పాదరసం, గంధకం కలిపి కల్వంలో నూరి, మెరుపు పూర్తిగా పోయేదాకా నల్లటి కజ్జలి చేసిన మనవాళ్లకు ఆ పట్టు ఎంత గట్టిదో ముందే తెలుసు. లెక్క ప్రకారం ఆరుంపావు భాగాల పాదరసాన్ని ఒక్క భాగం గంధకం కట్టేస్తుంది. సమభాగాలతో చేసే కజ్జలిలో అందువల్ల గంధకం చాలా మిగులుతుంది.

మన భాషలో ఇంకొక సంగతి. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), పటిక. మూడింట్లోనూ గంధకం ఉంది. పేర్లలో ఎక్కడా లేదు. వాటిని ముట్టుకుంటే, నీళ్లలో కలిపితే, నాలుకకు తగిలితే గంధకం జాడ తెలియదు కదా. అన్నభేదిని గట్టిగా కాల్చి, వచ్చిన ఆవిరిని చల్లార్చితే కరకర కాల్చే ఆమ్లం వచ్చింది. యూరప్‌లో దానికి వందల ఏళ్లు విట్రియాల్ తైలం అనే పేరే నడిచింది. అది గంధకం ఇంటిదని తేలాక మనం గంధకామ్లం అన్నాం. ఇప్పుడు విశాఖ రిఫైనరీలో ముడిచమురు శుద్ధి చేసేటప్పుడు గంధకం ఉపఉత్పత్తిగా వస్తోంది. మన నేలమీద అరుదుగా దొరికే వస్తువు ఇప్పుడు పెట్రోలు, డీజిలు తీసే చోట పోగవుతోంది.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(శ్రోత: మామిడి పూత మీద బూడిద తెగులుకు గంధకం కొడతాం. ఒక్కోసారి ఆకు మాడుతుంది. ఎందుకండీ?)

నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు అన్నది సిఫార్సు. నిజానికి అది కరగదు, సన్నని పొడిగా నీళ్లలో తేలియాడుతుంది. అందుకే డ్రమ్ములో కలిపి వదిలేస్తే అడుగుకు దిగి, చివరి ట్యాంకులో మోతాదు పెరిగిపోతుంది. కలుపుతూనే కొట్టాలి. ఎండ ముదిరాక కొడితే ఆకు మీద మాడు వస్తుంది, చల్లపూట కొట్టండి. వేపనూనె గానీ, ఇంకే నూనె మందు గానీ కొట్టి రెండు వారాలు కాకముందే గంధకం కొట్టినా మాడుతుంది. నూనెతో కలిస్తే గంధకం ఆకులోకి ఎక్కువగా దిగుతుంది.

(శ్రోత: నాకు సల్ఫా మందులు పడవు. గజ్జికి గంధకం లేపనం రాసుకోవచ్చా?)

మంచి ప్రశ్న అమ్మా. పేరు వల్ల చాలామంది భయపడతారు. సల్ఫా మందులంటే సల్ఫోనమైడ్లు. సల్ఫమెథాక్సజోల్ లాంటివి. ఒంటికి పడనిది ఆ అణువు నిర్మాణం, గంధకం అనే మూలకం కాదు. ఉల్లి, వెల్లుల్లి, కోడిగుడ్డు అన్నింట్లోనూ గంధకం ఉంది, అవి మీరు తింటూనే ఉన్నారు. పెట్రోలియం జెల్లీలో 6 శాతం గంధకం కలిపిన లేపనాన్ని పసిపిల్లలకు, గర్భిణులకు కూడా వైద్యులు రాస్తారు. మెడ నుంచి కాళ్ల దాకా వరుసగా మూడు రాత్రులు పూసి, ఉదయం కడిగేయాలి. పసిపిల్లలకైతే తలకూ పట్టించాలా అన్నది డాక్టరును అడగండి. ఇంట్లో అందరూ ఒకేసారి వాడాలి, పక్కబట్టలు వేడినీళ్లలో ఉతకాలి, లేకపోతే మళ్లీ అంటుకుంటుంది. డాక్టరు దగ్గర మాత్రం ‘సల్ఫర్ పడదు’ అని చెప్పకండి. ఏ మాత్ర వేసుకుంటే ఏమైందో, ఆ మాత్ర పేరుతో సహా చెప్పండి.